ఆయిల్ పోర్ట్రెయిట్ కిట్ కొంటున్నారా? ముందు ప్రింటు కొలవండి

రాజమండ్రిలో ఒక ఎగ్జిబిషన్ స్టాల్‌లో 5,500 రూపాయలు పోసి, క్లాసిక్ చిత్రాన్ని కాపీ చేస్తూ ముఖాలు వేయడం నేర్చుకునే ఆయిల్ కిట్ కొన్నాను. రెండు నెలల పని వృథా అయింది. మన గోదావరి జిల్లాల్లో కొత్తగా మొదలుపెడుతున్నవాళ్లు ఇలా మోసపోకూడదని రాస్తున్నాను.

మాది పాలకొల్లు. మా మామ్మ కుంపటి మీద పాలు కాస్తుండగా తీసిన ఫోటో ఒక్కటే మిగిలింది. ఆ ముఖం ఆయిల్‌లో వేయాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. ముందు చెయ్యి తిరగాలి కదా, అందుకే వెర్మీర్ వేసిన ‘మిల్క్‌మెయిడ్’ ఉన్న కిట్ తీసుకున్నాను. పాలు పోస్తున్న పనిమనిషి బొమ్మ, 1660 ప్రాంతపు డచ్ చిత్రం. ఎడమ పక్క కిటికీ, అందులోంచి వెలుగు, కాస్త వంచిన తల, సగం నీడలో ముఖం. నీడలో చర్మం రంగు ఎలా మారుతుందో నేర్చుకోవడానికి చాలా మంచి పాఠం. కింద కుడి మూల కాళ్లు కాచుకునే పెట్టె ఉంటుంది, లోపల నిప్పుల గిన్నె. మన కుంపటే గుర్తొచ్చింది.

కిట్‌లో 20 × 16 అంగుళాల ప్రింటు, అదే సైజు కాన్వాస్ ఇచ్చారు. రెండింటి మీదా గళ్లు గీసుకుని, ఒక్కో గడీ కొలిచి వేశాను. ముఖం కోలగా వచ్చింది. గడ్డం పొడుగు. తప్పు నా చేతిదే అనుకుని మూడుసార్లు గీకేసి మళ్లీ వేశాను. మళ్లీ అదే ముఖం.

చివరికి మా మేనకోడలు ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం వెబ్‌సైట్‌లో అసలు చిత్రం తీసి చూపించింది. దాని కొలత 45.5 × 41 సెంటీమీటర్లు, అంటే దాదాపు 18 × 16 అంగుళాలు. కాన్వాస్‌కి సరిపెట్టడానికి ప్రింటుని నిలువుగా రెండు అంగుళాలు సాగదీశారు! నా గళ్లు సరిగ్గానే ఉన్నాయి, నేను చూసి వేసిన ముఖమే సాగిన ముఖం. ఇంకోటి, అసలు చిత్రంలో ఆవిడ వెనక గోడకి ఒక మేకు, మేకులు పీకిన చిల్లులు కనిపిస్తాయి. నా ప్రింటులో గోడ నున్నగా ఉంది. గోడ మీద చిల్లులే మాయమైతే చెంప మీద సన్నని నీడలు ఎక్కడ మిగులుతాయి? మనం నేర్చుకోవాల్సింది వాటినే. ఆ మ్యూజియం ఫోటోని పెద్ద సైజులో ఉచితంగానే ఇస్తోంది. దించుకుని, సాగదీయకుండా వేయమని ఫోటో స్టూడియోలో గట్టిగా చెప్పండి.

ఇక రంగులు. ఒక్క రాత్రిలో ఆరిపోతాయని స్టాల్ అతను చెప్పాడు. అప్పుడే అనుమానించాల్సింది. ఆయిల్ రంగు తడి ఆవిరై ఆరదు, నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. పల్చని పొరకే రోజులు పడుతుంది. ఈ తెలుపు అరగంటలో ఆరింది. దానితో నుదుటి మీద పెట్టిన వెలుగు రెండు వారాలకి పొక్కులా లేచి ఊడొచ్చింది. ట్యూబు మీద స్టిక్కర్ గీకితే కింద ‘ఎక్రిలిక్’ అని ఉంది, అంటే నీళ్లతో కలిపే, త్వరగా ఆరే రంగు. ఎక్రిలిక్ మీద ఆయిల్ వేయొచ్చు గానీ, ఆయిల్ మీద ఎక్రిలిక్ పట్టదు. కొనేముందు ట్యూబు మీద పిగ్మెంట్ కోడ్, అంటే లోపల ఏ రంగు పొడి వాడారో చెప్పే గుర్తు, చూడండి. టైటానియం తెలుపుకి పీడబ్ల్యూ 6, అల్ట్రామెరీన్ నీలానికి పీబీ 29 అని ఉండాలి. నా ట్యూబుల్లో ఒక్కదాని మీదా కోడ్ లేదు. బ్రష్షులు మాత్రం బాగున్నాయి, ఆ మాట చెప్పాలి.

డబ్బు వెనక్కి అడిగితే సీల్ తీశాక వాపసు లేదన్నారు, తర్వాత ఫోన్ ఎత్తలేదు. బిల్లు అడగకపోవడం నా పొరపాటు. ఫోన్‌పే రసీదు, ఊడిన పొర ఫోటోలు దగ్గర పెట్టుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. ఇంకా జవాబు రాలేదు.

సంక్రాంతికి భీమవరంలో స్టాల్ పెడతామని వాళ్లు అప్పట్లో అన్నారు. వెళ్లేవాళ్లు సంచిలో ఒక టేపు వేసుకుని వెళ్లండి. ఆ ప్రింటు ఎత్తు 18 అంగుళాలు దాటితే కొనకండి.