విలేకరి చేతికొచ్చిన కాలర్ మైకు

1989లో ఈనాడు జిల్లా సంచికలు మొదలైన కాలపు గ్రామీణ విలేకరి వార్తను కవరులో పెట్టి బస్సులో పంపేవారు. నేడు రాయడం, వీడియో తీయడం, లైవ్ ఇవ్వడం అన్నీ ఒక్కరి పనే కావడంతో, కోఠిలోని ఒక దుకాణంలో ఫోనుకు తగిలించే వైర్‌లెస్ కాలర్ మైకు కొన్నాను. ఇందిరా పార్కు వద్ద ధర్నాచౌక్‌లో, నినాదాల హోరులోనూ, ఒక అంగన్‌వాడీ టీచరు మాట స్పష్టంగా రికార్డయింది. అయితే చుట్టుపక్కల శబ్దాన్ని తగ్గించే మీట నొక్కితే ‘స’, ‘శ’ అక్షరాలు అరిగిపోయినట్టు వినిపిస్తాయి కాబట్టి, ప్రతి మాటా యథాతథంగా ఉండవలసిన ఇంటర్వ్యూలకు దాన్ని ఆపి ఉంచడమే మేలు. గాలికి అడ్డుగా బొచ్చు తొడుగు తప్పనిసరి. పనితనానికి ధర సమంజసమే, కానీ ఇది విలేకరి జీతంలోంచి కాక యాజమాన్యం ఇవ్వవలసిన పనిముట్టు.