పసిపిల్లల కడుపునొప్పికి అమ్మే మూలికల చుక్కల మందు: కొనేవారికి హెచ్చరిక

కడుపు ఉబ్బరానికి, మలబద్ధకానికి, పాలు కక్కడానికి ఒకే మందు అంటూ వాట్సాప్ గ్రూపుల్లో అమ్ముతున్న మూలికల చుక్కల మందును మీ పసిపిల్లల కోసం కొనదలచుకుంటే, డబ్బు పంపే ముందే సీసా నాలుగు వైపులా తీసిన ఫొటోలు అడిగి తెప్పించుకుని, లేబుల్‌ను పూర్తిగా చదవవలసిందిగా తల్లిదండ్రులను కోరుతున్నాను.

మా బాబు నాలుగో నెలలో, సాయంత్రమయ్యేసరికి కాళ్లు కడుపులోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చేవాడు. పుట్టిన రోజు నుంచే వాడవచ్చని, ఎలాంటి దుష్ఫలితాలూ ఉండవని అమ్మకందారు హామీ ఇవ్వడంతో సీసా తెప్పించాము. వాడటం మొదలుపెట్టాక బాబు వాంతులు చేసుకుని, పాలు తాగకుండా మత్తుగా పడి ఉండటంతో ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. మందే కారణమని వైద్యులు తేల్చి చెప్పలేదు కనుక నేనూ ఆ మాట అనను. బాబు కోలుకున్నాడు. అయితే లేబుల్ చదివిన వైద్యురాలు దానిని వెంటనే ఆపించారు.

పదహారు మూలికలు అని ముందువైపు పెద్ద అక్షరాలతో ఉన్నా, వెనుక వస, వాము, సోంపు, కరక్కాయ, తేనె అన్న పేర్లు, వాటి పక్కన "మొదలైనవి" అన్న మాట తప్ప మరేమీ లేవు. ఏది ఎంత పరిమాణంలో కలిపారో అసలే లేదు. రబ్బరు ముద్రతో వేసిన తయారీ తేదీ తడి వేలు తగలగానే చెరిగిపోయింది. అన్నిటికన్నా గమనించవలసింది లైసెన్సు సంగతి. అక్కడ ఉన్నది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి 14 అంకెల నంబరు, అంటే ఆహార పదార్థాల వ్యాపారానికి ఇచ్చేది. ఆ లైసెన్సుతో అమ్మే వస్తువు జబ్బు నయం చేస్తుందని చెప్పుకోకూడదు. ఆయుర్వేద మందైతే ఔషధ తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా, ప్రతి దినుసు పరిమాణం లేబుల్ మీద ఉండి తీరాలి.

ఇక తేనె విషయం. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. అందులో ఉండగల బొట్యులినం బ్యాక్టీరియా బీజాలు పసివారి పేగుల్లో మొలకెత్తి విషాన్ని పుట్టించి, కండరాలను చచ్చుబడేటట్లు చేయగలవు. ఆ జబ్బు తరచుగా మలబద్ధకంతోనే మొదలవుతుంది కాబట్టి, మందు పనిచేయడం లేదనుకుని ఇంకో రెండు చుక్కలు ఎక్కువ వేసే ప్రమాదం కూడా ఉంది. వస మన ఇళ్లలో తరతరాలుగా అరగదీసి నాకిస్తున్నదే కదా అని చాలామంది అంటారు. అయితే అందులోని బీటా అసరోన్ అనే హానికర రసాయనం కారణంగా అమెరికాలో 1968 నుంచి వసను ఆహారంలో వాడటం నిషిద్ధం. పైగా ఈ సీసాలో అది ఎంత మోతాదులో ఉందో తెలుసుకునే దారే లేదు.

విదేశాల్లోని మనవళ్లకు ఇలాంటి సీసాలు పంపే పెద్దలకు ఒక మాట. బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో అమ్మే, దక్షిణాసియాలో తయారైన 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించగా 14 ఉత్పత్తుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా ఉన్నట్లు 2004లో వెలువడిన అధ్యయనంలో తేలింది. సీసం పెద్దల కంటే పసివారి ఒంట్లోకి ఎక్కువగా చేరుతుంది, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఆయుర్వేద మందులన్నీ ఇలాంటివేనని నేను అనడం లేదు. నా అభ్యంతరమల్లా లోపల ఏముందో చెప్పని సీసా మీదనే.

డబ్బు తిరిగి ఇమ్మని అడిగితే, గ్రూపులో నేను పెట్టిన సందేశాన్ని తొలగిస్తేనే ఇస్తామని అమ్మకందారు షరతు పెట్టారు. నేను తొలగించలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులకు కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఇప్పటికే కొన్నవారు వాడటం ఆపి, మిగిలిన మందును పారబోయకుండా సీసాతో, చెల్లింపు రసీదుతో సహా దాచి ఉంచండి. బిడ్డ పాలు తాగకపోయినా, ఏడుపు నీరసించినా, ఆకుపచ్చగా వాంతి చేసుకున్నా, మలంలో రక్తం కనిపించినా ఆ సీసాను చేతపట్టుకుని వెంటనే పిల్లల వైద్యుల దగ్గరకు వెళ్లండి.