జిరిసాన్‌కి గురే వైపు నుంచా, సాన్‌చోంగ్ వైపు నుంచా?

దక్షిణ కొరియాలో జెజు దీవిని పక్కన పెడితే అన్నిటికన్నా ఎత్తయిన కొండ జిరిసాన్. 1967లో ఆ దేశపు తొలి నేషనల్ పార్క్ అయింది. మూడు ప్రావిన్సుల్లో పరుచుకున్న కొండ కాబట్టి ఎక్కే దారులు చాలానే ఉన్నాయి. సియోల్ నుంచి వీకెండ్‌కి వెళ్లేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: పడమటి వైపు గురే కౌంటీయా, తూర్పు వైపు సాన్‌చోంగా?

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నా, చిన్నపిల్లలున్నా ఇంక ఆలోచించకండి, గురేకే వెళ్లండి. వెయ్యి మీటర్లు దాటిన సోంగ్‌సామ్‌జే కనుమ దాకా రోడ్డుంది. అక్కడి నుంచి వెడల్పాటి బాటలో గంటకు పైగా నడిస్తే 1,507 మీటర్ల నోగోదాన్ శిఖరం. పొద్దున్నే వెళ్తే కింద లోయంతా మబ్బులే. శిఖరం మీదికి మాత్రం ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. చలికాలంలో మంచు పడితే రోడ్డే మూసేస్తారు.

కిందికొచ్చాక హ్వాఒమ్‌సా గుడి ఉంది. నన్నడిగితే దీనికోసమే గురేకి వెళ్లొచ్చు. రెండంతస్తులుగా కనిపించే గాక్‌వాంగ్‌జోన్ చెక్క మండపం బయటివైపు రంగులు దాదాపు కనిపించవు, కర్ర కర్రలాగే ఉంటుంది. దాని ముందు ఆరు మీటర్లు దాటిన రాతి దీపస్తంభం. మార్చిలో గురేలోని సాన్‌దోంగ్ పల్లెలన్నీ సాన్‌సూయూ పూలతో పసుపుపచ్చగా ఉంటాయి, ట్రాఫిక్ కూడా అంతే నిండుగా ఉంటుంది. శాకాహారులు కొండ ఆకుకూరల బిబింబాప్ (కూరలు కలుపుకుని తినే అన్నం) అడగండి, గుడ్డు వద్దని మరీ మరీ చెప్పండి.

సాన్‌చోంగ్ సంగతి వేరు. అక్కడికి వెళ్లేది జిరిసాన్‌లో అన్నిటికన్నా ఎత్తయిన, 1,915 మీటర్ల చోన్‌వాంగ్‌బోంగ్ శిఖరం కోసం. జుంగ్‌సాన్‌రి పల్లె నుంచి 5.4 కిలోమీటర్లే, కానీ అందులోనే 1,200 మీటర్లకు పైగా ఎక్కాలి. అలిపిరి మెట్లు ఎక్కేశాం కదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు: దారంతా రాళ్లు, పైకప్పు లేదు, టీకొట్టు లేదు. రైలు కూడా లేదు, సియోల్ నుంచి బస్సే. గురేకైతే కేటీఎక్స్ హైస్పీడ్ రైలుంది.

కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లకు మూడో దారి ఉంది. నోగోదాన్ నుంచి చోన్‌వాంగ్‌బోంగ్ దాకా శిఖరాల వెంట 25.5 కిలోమీటర్లు. మధ్యలో షెల్టర్లో పడుకుని, సాన్‌చోంగ్ వైపు దిగొచ్చు. షెల్టర్ ముందే బుక్ చేసుకోవాలి. కార్చిచ్చుల సీజన్‌లో, అంటే ఎండుటాకులుండే వసంతం మొదట్లోనూ శరదృతువు చివర్లోనూ, ఈ దారి మూసేస్తారు. తేదీలు చూసుకున్నాకే టికెట్లు తీసుకోండి.