‘నెలలో పది కేజీలు, గ్యారంటీ’ ప్యాకేజీ కట్టబోతున్నారా? డబ్బు ఇచ్చే ముందు ఇది చదవండి

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ జనవరి వస్తే చాలు, బరువు తగ్గించే సెంటర్ల ఫ్లెక్సీలు లేస్తాయి. ‘30 రోజుల్లో 10 కేజీలు, తగ్గకపోతే డబ్బు వాపస్’. ఇలాంటి వాటికి కట్టి నష్టపోయినవాళ్లు చెప్పేది ఎక్కడ విన్నా దాదాపు ఒకటే. బరువు తగ్గలేదు, డబ్బు తిరిగి రాలేదు, ఈఎంఐ మాత్రం ఆగలేదు.

ముందు లెక్క చూడండి. కేజీ కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు రావాలి. పది కేజీలకు 77,000. ముప్ఫై రోజులకు పంచితే రోజుకు 2,500 పైనే. కూర్చుని పనిచేసే మనిషి ఒంటికి రోజు మొత్తానికి ఖర్చయ్యేదే 2,000 అటూ ఇటూ. నెలంతా మంచినీళ్ల మీద ఉన్నా అంత కొవ్వు కరగదు. గంటసేపు చురుగ్గా నడిస్తే పోయేది 250, 300 కేలరీలు.

మరి మొదటి వారంలోనే రెండు మూడు కేజీలు ఎలా దిగుతాయి? అన్నం మానేయగానే కండరాల్లో, కాలేయంలో నిలవున్న పిండిపదార్థం ఖర్చవుతుంది. ఆ నిలవ, గ్రాముకు మూడు గ్రాముల దాకా నీటిని పట్టుకుని ఉంటుంది. దిగింది ఆ నీరే. రెండు రోజులు మామూలుగా తింటే మళ్లీ వచ్చేస్తుంది.

అసలు కిటుకంతా సెంటర్‌లో తూచే మిషన్ దగ్గర ఉంది. చెప్పులు విప్పి ఎక్కితే కొవ్వు శాతం, కండ శాతం, ‘శరీర వయసు’ అని కాగితం వస్తుంది చూడండి, అది కొవ్వును తూచడం లేదు. అరికాళ్ల గుండా చిన్న కరెంటు పంపి, అది ఎంత సులువుగా పారిందో చూసి, మీ ఎత్తు, వయసు కలిపి అంచనా కడుతుంది. నీరున్న చోట కరెంటు బాగా పారుతుంది, కొవ్వులో అంతగా పారదు. కాబట్టి ఒంట్లో నీరు మారితే అంకె మారుతుంది. అరికాళ్లు పొడిగా ఉన్నా, తడిగా ఉన్నా మారుతుంది. చాలా మిషన్లలో ‘అథ్లెట్’ అనే సెట్టింగ్ ఉంటుంది. అది నొక్కితే అదే మనిషికి కొవ్వు శాతం తక్కువ చూపిస్తుంది. చేరే రోజు సాయంత్రం, భోజనం మీద, జీన్స్‌తో తూచి, నెలాఖరున పొద్దున్నే పరగడుపున పల్చటి బట్టల్లో తూస్తే ఏమీ చేయకుండానే ఒకటి రెండు కేజీలు తేడా వస్తుంది. మీ కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి టైము, ఎత్తు, వయసు చూడండి. ఎత్తు ఒక్క సెంటీమీటరు మారినా బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతన్న లెక్క) మారిపోతుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ మిషన్ ఎక్కకూడదు, ఇది మాత్రం మర్చిపోవద్దు.

రెండోది పొడి డబ్బాలు. రెండు పూటలా భోజనం బదులు షేక్ తాగమంటారు. డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు లేకపోతే ముట్టుకోవద్దు. నంబరు ఉన్నంత మాత్రాన అది అందరికీ సరిపడుతుందని కాదు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లు, ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించుకోకుండా ప్రొటీన్ పొడి మొదలుపెట్టవద్దు. ఆ నీళ్ల వల్ల ఎముకలు, కీళ్లు ముందే దెబ్బతిన్నవాళ్లకు గెంతే వ్యాయామాలు పనికిరావు. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతూ ఉన్నట్టుండి తిండి తగ్గిస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. డాక్టరుతో మాట్లాడి మోతాదు మార్పించుకోవాలి. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే ముప్పు పెరుగుతుంది. రెండు మూడు నెలల తర్వాత జుట్టు గుప్పెళ్లుగా ఊడవచ్చు, అప్పటికి ప్యాకేజీ అయిపోయి ఉంటుంది కాబట్టి కారణం ఎవరికీ తట్టదు.

‘వాపస్’ షరతు కాగితం వెనక ఉంటుంది. ఒక్కరోజు కూడా మానకూడదు, పొడి వాళ్ల దగ్గరే కొనాలి, రోజూ తిన్నదాని ఫొటో వాట్సాప్‌లో పెట్టాలి. ఒక్కటి తప్పినా వాపస్ లేదంటారు. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అని ఫోన్ తీసుకుని ఓటీపీ అడిగితే, అది మీ పేరు మీద అప్పు అని తెలుసుకోండి. సెంటర్‌కు డబ్బు ఒకేసారి ముడుతుంది, మీరు మానేసినా కిస్తీలు మీవే. అప్పు ఇచ్చే సంస్థ నుంచి కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (అప్పు ముఖ్య షరతులు రాసిన కాగితం) అడగండి. అప్పు రద్దు చేసుకునే గడువు ఎన్ని రోజులో అందులో ఉంటుంది.

చేరాలనుంటే ఒక్క నెలకే కట్టండి. కొలతలు మాత్రం మీ చేతిలో పెట్టుకోండి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ సురక్షితం అనేది వారానికి అరకేజీ. ఎనభై కేజీల మనిషి మూడు నెలలకు నాలుగు కేజీలు అనుకుంటే అది గట్టి లక్ష్యమే. వారానికి మూడు రోజులు పొద్దున్నే, బాత్రూంకు వెళ్లొచ్చాక, కాఫీకి ముందు, ఒకే కాటా మీద తూచి, మూడింటి సగటు రాయండి. ఈ రోజు అంకెను నిన్నటి అంకెతో పోల్చకండి, సగటును సగటుతోనే పోల్చాలి. ఉప్పు, పులుపు దట్టించిన చేపల పులుసు తిన్న మర్నాడు కేజీ పెరిగితే అది నీరు. ఆడవాళ్లు నెలసరి ముందు వారాన్ని పోయిన నెల అదే వారంతో చూసుకోవాలి. నడుం చుట్టుకొలత ఆదివారం ఒక్కసారి చాలు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యలో టేపు పెట్టి, ఊపిరి వదిలాక చూడండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఈ అంకెలు రాసిన పక్కనే చేసిన పని కూడా రాయండి, ‘నడక 30 నిమిషాలు’ అని. కాటా మన మాట వినదు, నడక మన చేతిలో ఉంటుంది. వారానికి 150 నిమిషాలు వస్తే చాలు. వేసవిలో నెల్లూరు వీఆర్సీ గ్రౌండ్‌లో అయితే ఆరు లోపే మొదలుపెట్టండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ఫ్లెక్సీ ఫొటో, రసీదు, వాట్సాప్ మాటలు దాచుకోండి. బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. ముందు రాతపూర్వకంగా వాపస్ అడగండి, జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కట్టింది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరును పెట్టుకోవాలన్న నిబంధన కూడా లేదు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.