డీలరా, ఆన్‌లైనా, రిపేరు కొట్టా? చిన్న గ్రైండర్ల కంపెనీకి ఏది మేలు?

మా మేనల్లుడు విజయవాడ కానూరులో చిన్న షెడ్డు పెట్టి, ఇనుమూ రాయీ కోసే నాలుగంగుళాల గ్రైండర్లు, మార్బుల్ కట్టర్లు తయారు చేస్తున్నాడు. సరుకు మంచిదే, పేరు మాత్రం బెంజి సర్కిల్ దాటలేదు. ఈ ఏడాది అమ్మకాలు పెంచడానికి 12 లక్షలు పక్కన పెట్టుకుని, "మావయ్యా, డీలర్లకు ఎక్కువ లాభం వదిలే స్కీము పెట్టనా, ఆన్‌లైన్‌లో దిగనా?" అని అడిగాడు. నేను 22 ఏళ్లు వన్‌టౌన్‌లో హార్డ్‌వేర్ కొట్టు కౌంటరు వెనక నిలబడ్డవాణ్ణి. రెండూ కాదు, రిపేరు కొట్ల చుట్టూ తిరగమన్నాను. వాడి ముఖం చిన్నబోయింది. ఆటోనగర్ చుట్టుపక్కల ఇదే ఇరకాటంలో ఉన్నవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి, ఎందుకలా అన్నానో రాస్తున్నాను.

డీలరు బలం నాకు బాగా తెలుసు, ఆ బలం నా చేతుల్లోనే ఉండేది. టైల్స్ మేస్త్రీ వచ్చి "ఒక కటింగ్ మిషను ఇవ్వండి" అంటాడు. పెద్ద కంపెనీ పేరు చెప్పి అడిగేవాళ్లు ఉన్నారు గానీ, మిగతావాళ్లకు కౌంటరులోని కుర్రాడు ఏది చేతికిస్తే అదే మిషను. ఎక్కువ లాభం వదిలిన కంపెనీ పెట్టె ముందు వరసలోకి వస్తుంది. అందుకే డీలరు స్కీము రెండు నెలల్లోనే ఫలితం చూపిస్తుంది.

చిక్కంతా అరువులో ఉంది. సరుకు వెళ్లిన రోజు పండగ, డబ్బు అడిగిన రోజు మౌనం. 2019లో ఇసుక దొరకక కట్టడాలు ఆగిపోయినప్పుడు మా కొట్టుకే రావాల్సింది రాలేదు. ఇక మేము కంపెనీలకు ఏం కడతాం? ఉద్యమ్ నమోదు, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉన్న చిన్న తయారీదారుకు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులు దాటకుండా కట్టాలని 2006 నాటి చట్టం చెబుతోంది. గడువు దాటాక ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా కూడా కట్టకపోతే, కొన్నవాడు ఆ మొత్తాన్ని ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోలేడు. 2024-25 మదింపు సంవత్సరం నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. చట్టం మేనల్లుడి పక్షానే ఉంది. కానీ ఆ మాట డీలరుకు గుర్తు చేసిన మర్నాడు పెట్టె కింది అరలోకి దిగిపోతుంది. ఆ పని నేనే స్వయంగా చేశాను కాబట్టి చెబుతున్నాను.

ఆన్‌లైన్ మాటకొస్తే కాగితం, పెన్సిలు తీసుకోవాలి. గ్రైండరును 2,000కు అమ్మాడనుకుందాం. 18 శాతం జీఎస్టీ కింద 305 పోతే మిగిలేది 1,695. కమిషను, రవాణా, ప్రకటనలు కలిపి 400 అనుకుంటే 1,295. తయారీకి 1,150 అయితే చేతికి దక్కేది 145. ఎవరో ఒకరు ఇంటి గేటు కోసుకుని, పని అయిపోయాక "నచ్చలేదు" అని తిప్పి పంపితే, ఆ ఒక్క మిషనుతో ఎనిమిది మిషన్ల లాభం తుడిచిపెట్టుకుపోతుంది. పైగా మేస్త్రీకి మిషను కాలేది పొద్దున పది గంటలకు. నలుగురు కూలీలను కూర్చోబెట్టి జీతమిస్తూ, ఎల్లుండి వచ్చే పార్సిలు కోసం ఆగడు. గోడకు ఫొటోలు తగిలించుకునే ఇంటాయన మాత్రం ఆగుతాడు. కాబట్టి ఇంట్లో వాడే డ్రిల్లు కిట్టుకు ఆన్‌లైన్ నిజంగానే మంచి దారి. రోజూ రాయి కోసే మిషనుకు కాదు.

ఇక రిపేరు కొట్టు. కట్టడం మూడో అంతస్తులో పని జరుగుతుంటుంది, కరెంటు కింద నుంచి సన్నని వైరు మీద పైకి వస్తుంది. పైకి చేరేసరికి వోల్టేజీ పడిపోతుంది, మోటారు వేగం తగ్గుతుంది. మేస్త్రీ ఇంకా బలంగా నొక్కుతాడు. చల్లబరిచే ఫ్యాను కూడా అదే ఇరుసు మీద ఉంటుంది కాబట్టి అదీ మందగిస్తుంది. రాతి పొడి ఎటూ లోపలికి పోతూనే ఉంటుంది. మే నెల ఎండ సరేసరి. ముందు తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు అరిగి నిప్పురవ్వలు లేస్తాయి, తర్వాత ఆ తిరిగే భాగమే, అంటే రాగి తీగ చుట్టిన ఆర్మేచరు, కాలుతుంది. అప్పుడు మేస్త్రీ వెళ్లేది కాలిన మోటారుకు మళ్లీ తీగ చుట్టే రీవైండింగ్ కొట్టుకు. అక్కడ మెకానిక్ మిషను విప్పుతూ అనే ఒక్క వాక్యం, "దీనికి సామాను దొరకదండీ", ఆ కంపెనీకి ఆ వీధిలో తలుపు మూసేస్తుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు నేను కళ్లారా చూశాను. నీళ్లు తీశాక నాకు తెలిసిన రీవైండింగ్ కొట్టు ముందు బురద పట్టిన మిషన్లు గుట్టగా పడ్డాయి. మెకానిక్ వాటిని కంపెనీని బట్టి కాకుండా సామాను ఉన్నవి, లేనివి అని రెండు కుప్పలు చేశాడు. రెండో కుప్పను తూకానికి వేశారు. అందులో పేరున్న మిషన్లూ కొన్ని ఉన్నాయి.

అందుకే నా లెక్క ఇది. విజయవాడ, మంగళగిరి, గుంటూరు, తెనాలిలో 60 కొట్లు ఎంచుకోవాలి. ఒక్కో కొట్టులో ఆర్మేచర్లు, వాటి చుట్టూ కదలకుండా ఉండే ఫీల్డు కాయిళ్లు, స్విచ్చులు, కార్బన్లు ఉన్న 6,000 రూపాయల పెట్టె ఉంచాలి. అమ్ముడయ్యాకే డబ్బు. అది 3 లక్షల 60 వేలు. రిపేరు అయ్యేదాకా మేస్త్రీ పట్టుకెళ్లడానికి కొట్టుకు రెండు మిషన్లు, అంటే 120 మిషన్లు, సుమారు లక్షా 40 వేలు. బండి మీద రోజుకు ఐదు కొట్లు తిరిగే కుర్రాడికి జీతం, పెట్రోలు కలిపి ఏడాదికి 3 లక్షలు. మొత్తం 8 లక్షలు. మిగతా నాలుగింటిలో డీలర్లకూ కొంత పెట్టాలి, మెకానిక్ మెచ్చిన మిషను కౌంటరులో కనిపించకపోతే లాభం లేదు. గుంటూరు వైపు ఈ దారి ఇంకా బాగా నడుస్తుందని నా నమ్మకం. పొలం మోటార్లు చుట్టే మెకానిక్కే అక్కడ గ్రైండర్లూ చుడతాడు, ఊరంతా అతని మాట వింటుంది.

"అమెరికా కంపెనీలు ఇలాగే చేస్తాయా?" అని వెటకారమాడాడు మేనల్లుడు. చేశాయి. మిషన్లు చేసే బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ 1984లో జనరల్ ఎలక్ట్రిక్ వారి వంటింటి పరికరాల వ్యాపారం కొన్నది. ఆ పేరు వంటింటిదైపోయింది, పనివాళ్లు జపాన్ కంపెనీ మకీటా మిషన్లు పట్టుకున్నారు. 1992లో ఆ కంపెనీ తాను 1960లోనే కొన్న డివాల్ట్ పేరును బయటికి తీసి, పసుపు రంగు వేసి, వ్యాన్లలో పని జరిగే చోటికే పంపి మిషన్లను పనివాళ్ల చేతుల్లో పెట్టింది. ఇది విన్నాక వాడు నీళ్లు నమిలాడు. తన గ్రైండర్ల పేరుతోనే మిక్సీలు కూడా తీయాలని వాటి అచ్చులకు (మోల్డులకు) బేరం ఆడుతున్నాడట!

హిల్టీ కంపెనీలా నెలకింత అని తీసుకుని మిషన్లు వాడుకోనిచ్చే పద్ధతి అమరావతి పనుల్లో ఉన్న పెద్ద కాంట్రాక్టర్లకు నప్పుతుంది గానీ, షెడ్డు పెట్టుకున్నవాడికి అంత పెట్టుబడి ఎక్కడిది?

నా దారిలోనూ ముళ్లున్నాయి. మొదటి ఏడాది అమ్మకాల్లో తేడా కనిపించదు. కొందరు మెకానిక్‌లు మన పెట్టెలో నకిలీ ఆర్మేచర్లు కలుపుతారు. అసలు ముల్లు ఫ్యాక్టరీలోనే ఉంది. గేరు పళ్లు గానీ ఇరుసు కొలత గానీ మారితే 60 పెట్టెలూ ఒక్కసారిగా చెత్తవుతాయి. మిషనుకు ఎనిమిది రూపాయలు మిగులుతాయని నిరుడు గేరు మార్చినవాడు వీడే.

పోయిన వారం ఆటోనగర్‌లో ఒక మెకానిక్ దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆయన మిషను విప్పి, బేరింగు తిప్పి చూసి, తల ఎత్తకుండానే అడిగాడు: "మూడేళ్ల తర్వాత కూడా ఇదే ఆర్మేచరు ఇస్తారా బాబూ?" మేనల్లుడు నా వైపు చూశాడు. నేను బయట ఆగిన లారీ వైపు చూశాను.