గుమ్మడికాయ చెక్కే కిట్: రంపం కోసం కొనండి, గరిటె మాత్రం వంటింట్లోదే వాడండి

అమెరికాలో సెప్టెంబరు చివరికల్లా సూపర్ మార్కెట్ల గుమ్మం ముందు పెద్ద పెద్ద అట్టపెట్టెల్లో గుమ్మడికాయలు, వాటి పక్కనే నారింజ రంగు పిడులున్న చెక్కుడు కిట్లు దిగిపోతాయి. అక్టోబరు 31న వచ్చే హాలోవీన్ పండగకి గుమ్మడికాయను బోలు చేసి, తొక్క మీద కళ్ళు, ముక్కు, నోరు లాంటి బొమ్మ చెక్కి, లోపల దీపం పెడతారు. ఆ సందడికి పిల్లల్ని ఇంటికి పిలిచే అమ్మానాన్నలు ఎక్కువమంది కొనేది ఈ కిట్టే. ధర 5 నుంచి 10 డాలర్ల మధ్య ఉంటుంది. అందులో సాధారణంగా పెద్దదొకటి, చిన్నదొకటి సన్నటి రంపాలు, గుజ్జు తీసే ప్లాస్టిక్ గరిటె, చుక్కలు పొడిచే పుల్ల లేదా పళ్ళ చక్రం, బొమ్మల నమూనా కాగితాలు ఉంటాయి. కంపెనీ ఏదైనా సరుకు దాదాపు ఇదే. ఇందులో రంపం, పళ్ళ చక్రం నిజంగా పనికొచ్చేవి. గరిటె శుద్ధ దండగ.

ముందు రంపం సంగతి. చూడటానికి బొమ్మ రంపంలా ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని పక్కన పడేసి కూరగాయల కత్తి తీస్తారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. గుమ్మడి తొక్క గట్టిది, గోడ మందం. కత్తి దిగుతుంది గానీ ఇరుక్కుపోతుంది. బయటికి లాగడానికి బలం పెట్టేసరికి ఒక్కసారిగా ఊడి, కాయను పట్టుకున్న రెండో చేతి మీదికి వస్తుంది. పైగా గుజ్జు తడికి పిడి జారుతూ ఉంటుంది. రంపానికి ఆ బెడద తక్కువ. పళ్ళు కొంచెం కొంచెంగా కోసుకుంటూ పోతాయి, నొక్కాల్సిన పని లేదు.

అయితే ఈ రంపాలు విరుగుతాయి, ఎక్కువగా పిడి దగ్గరే. మలుపు వచ్చినప్పుడు రంపాన్ని లోపలే ఉంచి మెలితిప్పడమే అందుకు కారణం. ఆ సన్నటి రేకు ముందుకీ వెనక్కీ ఆడటానికి చేసింది, పక్కకి వంగడానికి కాదు. మూల రాగానే రంపం పూర్తిగా బయటికి తీసి, కొత్త దిక్కుకి తిప్పి మళ్ళీ దించాలి. బొమ్మ కోసేటప్పుడు తొక్కకి నిట్టనిలువుగా పట్టుకోవాలి. ముందు కళ్ళు, ముక్కు లాంటి చిన్న కంతలు చేసుకుని, నోరు చివర్లో కోయండి. నోరు ముందే కోసేస్తే గోడకి బలం పోయి, కళ్ళు కోసేటప్పుడు మధ్య భాగం చిట్లుతుంది. తెగిన ముక్క ఊడి రాకపోతే రంపంతో పెళ్ళగించకండి. లోపల వేలు పెట్టి బయటికి తోయండి. అప్పటికీ రాకపోతే ముక్కను రెండుగా కోస్తే సులువుగా వస్తుంది.

పిల్లలకి బాగా నచ్చేది పళ్ళ చక్రం. నమూనా కాగితం అంచుల్లో నాలుగైదు చోట్ల చీలికలు పెట్టి, కాయ గుండ్రదనానికి సరిపోయేలా టేపుతో అంటించాలి. గీత వెంట చక్రం నడిపిస్తే తొక్క మీద చుక్కలు పడతాయి. పుల్లతో పొడిస్తే చుక్కకీ చుక్కకీ మధ్య 3 మిల్లీమీటర్లకి మించకూడదు. ఎడం ఎక్కువైతే కోసేటప్పుడు గీత దారి తప్పుతుంది. కాగితం తీసేశాక చుక్కలు కనబడట్లేదని చాలామంది గాభరా పడతారు. గుప్పెడు బియ్యప్పిండి చల్లి అరచేత్తో రుద్దండి. పిండి చుక్కల్లో నిలిచి, నారింజ తొక్క మీద తెల్లటి చుక్కల ముగ్గు తేలుతుంది. ఇక చుక్కలు కలుపుకుంటూ పోవడమే. సంక్రాంతికి ముగ్గు చూసిన పిల్లలకి ఇది విడిగా నేర్పక్కర్లేదు.

ఎనిమిది, తొమ్మిదేళ్ళ లోపు పిల్లల చేతికి రంపం ఇవ్వకండి, ప్యాకెట్ మీద ఏం రాసి ఉన్నా సరే. వాళ్ళు చుక్కలు పొడుస్తారు, గింజలు ఏరుతారు. ఐదేళ్ళ లోపు వాళ్ళకైతే చిన్న కాయలు, స్టిక్కర్లు, మార్కర్లు చాలు. ఎనిమిది మంది పిల్లలొస్తే పెద్ద కాయలు రెండు, కిట్లు రెండు సరిపోతాయి. ఒక్కో కాయ దగ్గర ఒక పెద్దవాళ్ళు కూర్చోవాలి. ఒక కాయని పార్టీకి ముందే బోలు చేసి పెట్టుకోండి. రెండోది పిల్లలు చెయ్యి పెట్టి కలబెట్టడానికి వదిలేయండి, ఆ జిగురు ముట్టుకోవడమే వాళ్ళకి పండగ.

బోలు చేసే పనికి కిట్‌లోని గరిటె పనికిరాదు. పీచు గోడకి గట్టిగా పట్టుకుని ఉంటుంది. నాలుగు సార్లు గీకేసరికి ప్లాస్టిక్ మెడ వంగిపోతుంది. ఐస్‌క్రీమ్ స్కూప్ గానీ, అంచు పదునుగా ఉన్న స్టీలు గరిటె గానీ తీసుకోండి. బొమ్మ వచ్చే వైపు గోడను అంగుళం మందానికి గీకాలి. అంతకంటే మందంగా ఉంటే వెలుగు బయటికి రాదు, కోయడం కష్టం. అరంగుళం కంటే పలచబడితే కూలిపోతుంది. గుండుసూది గుచ్చి చూస్తే మందం తెలుస్తుంది. పీచును వంటింటి సింకు కింద చెత్త నూరే డిస్పోజల్‌లో వేయకండి, బ్లేళ్ళకి చుట్టుకుని గొట్టం మూసుకుపోతుంది.

మూత కోసేటప్పుడు రంపాన్ని తొడిమ వైపు ఏటవాలుగా వంచి పట్టుకోవాలి. నిలువుగా కోస్తే మూత లోపలికి పడిపోతుంది. ఒక చోట చిన్న గంటు పెడితే మూత ఎటు తిప్పి పెట్టాలో తెలుస్తుంది. ఎల్ఈడీ దీపం పెట్టేవాళ్ళు అసలు మూత జోలికే పోకుండా కాయ అడుగు కోయొచ్చు. దీపాన్ని నేల మీద పెట్టి కాయను పైన బోర్లిస్తే సరి.

దీపాల విషయంలో ఒక హెచ్చరిక. కొన్ని కిట్లతో వచ్చే చిన్న ఎల్ఈడీ దీపాల్లో సీఆర్2032 లాంటి, చిన్న బిళ్ళల్లా ఉండే బటన్ బ్యాటరీలుంటాయి. పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల కాలిపోయే ప్రమాదం ఉంది. అమెరికాలో 2022లో వచ్చిన రీస్ చట్టం ఇలాంటి బ్యాటరీల అర పిల్లలు తెరవలేనట్టు ఉండాలంటుంది. అడుగున స్క్రూ ఉందో లేదో చూడండి. గోటితో తెరుచుకునేదైతే ఆ దీపం వాడొద్దు.

కిట్ ప్యాకెట్ మీద రాయని సంగతి ఇంకొకటుంది. చెక్కిన కాయ ఎక్కువ రోజులు నిలవదు. చలి ప్రాంతాల్లో ఐదారు రోజులు వస్తుంది గానీ, డాలస్, హ్యూస్టన్ లాంటి చోట్ల అక్టోబరు చివర్లో కూడా ఎండ ఉంటుంది కాబట్టి రెండు, మూడు రోజుల్లో లోపల బూజు పడుతుంది. అక్కడివాళ్ళు 30వ తేదీకి ముందు కోయకపోవడం మంచిది. గాలన్ నీళ్ళలో టేబుల్ స్పూన్ బ్లీచ్ కలిపి లోపల తుడిచి, ఆరనిచ్చి, కోసిన అంచులకి వాజెలిన్ రాస్తే కొంత ఆగుతుంది. ఆ పని పెద్దవాళ్ళే చేయాలి. బ్లీచ్‌లో వెనిగర్ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

గింజలు మాత్రం బ్లీచ్ పట్టకముందే తీసి పెట్టుకోండి. ఉప్పు నీళ్ళలో పది నిమిషాలు ఉడకబెట్టి, బాగా ఆరబెట్టి, నూనె, కారం పట్టించి ఓవెన్‌లో 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 15 నుంచి 20 నిమిషాలు కాల్చితే పొట్టుతో సహా కరకరలాడతాయి. చెక్కడానికి అమ్మే పెద్ద కాయల కండ నీళ్ళగా, పీచుగా ఉంటుంది. దప్పళంలో వేస్తే రుచి ఉండదు. పులుసుకి కావాలంటే షుగర్ పై అని అమ్మే చిన్న కాయ వేరే కొనుక్కోండి.

ఐదుకి మార్కులు వేస్తే పళ్ళ చక్రానికి ఐదు, రంపానికి నాలుగు, నమూనా కాగితాలకి మూడు, గరిటెకి ఒకటి. పని అయ్యాక రంపాలని డిష్‌వాషర్‌లో వేయకుండా చేత్తో కడిగి, తుడిచి, చుక్క నూనె రాసి దాచండి. తడిగా డబ్బాలో పడేస్తే వచ్చే అక్టోబరుకి పళ్ళు తుప్పు పట్టి ఉంటాయి.