స్టీలు అతుకులకు ఫాస్ఫారిక్ ఫ్లక్స్: నాలుగేళ్ల వాడకం తర్వాత

టీ జాలి పిడి ఊడినా, చిన్న స్ప్రింగు పట్టీ విరిగినా సోల్డరింగ్‌తో, అంటే సోల్డర్ అనే తగరపు మిశ్రమాన్ని కరిగించి, అతికించవచ్చు. సోల్డర్ పట్టేలా లోహం మీది ఆక్సైడ్ పొరను తీసేందుకు పూసే పదార్థమే ఫ్లక్స్. కానీ రేడియో పనికి ఫ్లక్స్‌గా వాడే రోజిన్ (చెట్టు బంక) ఇక్కడ పనికిరాదు. స్టెయిన్‌లెస్ స్టీలు మీద క్రోమియం ఆక్సైడ్ పొర ఉంటుంది, అది రోజిన్‌కు లొంగదు. సోల్డర్ తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా దొర్లిపోతుంది.

ఫాస్ఫారిక్ యాసిడ్ ద్రవం ఆ పొరను కరిగిస్తుంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో జింకు కరిగించి, ఆ జింక్ క్లోరైడ్‌తో మాట్లు వేసే పాత పద్ధతి కూడా పట్టు ఇస్తుంది, కాదనను. కానీ ఆ క్లోరైడ్ ఏ మూలన మిగిలినా తేమ లాగి, స్టీలుకు సూదిగుంటలు పెడుతుంది. అందుకే నా ఓటు ఫాస్ఫారిక్‌కే.

ముందు జిడ్డు తుడిచి, 220 నంబరు ఎమరీ కాగితంతో రుద్ది, వెంటనే ఒక్క చుక్క ఫ్లక్స్ వేయాలి. ఆలస్యమైతే పొర మళ్లీ కట్టేస్తుంది. రెండు ముక్కలకూ విడివిడిగా సోల్డర్ పూత పెట్టాకే కలపండి. 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, వెడల్పు బిట్ (ఐరన్ మొన), 350 డిగ్రీలు సరిపోతాయి. ఫ్లక్స్ చుయ్‌మని మరుగుతుండగా సోల్డర్ అంచు పలచబడి లోహం మీదికి పాకుతుంది. పట్టిందనడానికి అదే గుర్తు. అంచు ఉబ్బుగా ఉంటే అతుకు గోరుతో లేచివస్తుంది.

ఎక్కువమంది చెడగొట్టేది వేడి దగ్గరే. స్టీలులో వేడి రాగిలోలా పరుగెత్తదు, బిట్ కింద ఒక్కచోటే పేరుకుంటుంది. పట్టడం లేదని ఇంకా కాలిస్తే ఫ్లక్స్ గోధుమరంగు పెంకు కట్టి, స్టీలు రంగు మారుతుంది. అప్పుడు మళ్లీ రుద్ది, మొదటినుంచీ మొదలుపెట్టడమే. అంచుకు అంచు ఆనించిన అతుకు నిలవదు, కనీసం 3 మిల్లీమీటర్లు ఒకదానిపై ఒకటి ఎక్కాలి.

తిండికి తగిలే వస్తువుకు సీసం ఉన్న 60/40 సోల్డర్ (60 శాతం తగరం, 40 శాతం సీసం) వద్దేవద్దు. 96.5 శాతం తగరం, 3.5 శాతం వెండి ఉన్నది 221 డిగ్రీలకు కరుగుతుంది, పట్టూ ఎక్కువే. మంట మీద పెట్టే గిన్నెకు, ప్రెషర్ కుక్కర్‌కు మాత్రం ఏ సోల్డరూ వాడకూడదు.

ఈ ఫ్లక్స్ లోపాలూ చెప్పాలి. బిట్ పూతను త్వరగా తినేస్తుంది, దీనికంటూ వేరే బిట్ ఉంచుకోండి. సర్క్యూట్ బోర్డుల దగ్గరికి రానివ్వకండి. పొగ గొంతు పట్టేస్తుంది, కిటికీ తెరిచి, కళ్లద్దాలు పెట్టుకుని చేయాలి. పనయ్యాక వేడినీళ్లు, వంటసోడాతో పాత టూత్‌బ్రష్ పెట్టి తోమి, మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి.